మైలేజీ పోయేది బంకులోనేనా?

సంపాదకులకు నమస్కారం.

పికప్ బండ్లకు మైలేజీ రావడం లేదని, దానికి కారణం బంకుల్లో కల్తీ డీజిలేనని ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు లేఖ రాశారు. ఆయన బాధ అబద్ధం కాదు. నేనూ నల్గొండ నుంచి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి తోలేవాడినే. కానీ తిట్లన్నీ తీసుకెళ్ళి బంకు మీద పోస్తే అసలు దొంగ ఎవరో తెలియకుండానే పోతుంది.

లెక్క చూడండి. లోడు మీద లీటరుకు 12 కిలోమీటర్లు ఇవ్వాల్సిన బండి 9కి పడిందనుకుందాం. అది మొత్తం బంకు మోసమే అయితే 40 లీటర్లకు బిల్లు కట్టినప్పుడు మన ట్యాంకులో 30 లీటర్లే పడి ఉండాలి. అంత మోసం ఎక్కడ దాగుతుంది? బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి, అడిగితే మన ముందే పోసి చూపించాలి. అందులో 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. 10 లీటర్ల మోసం జరిగే చోట ఆ పాత్రలో లీటరుంపావు తక్కువ కనబడుతుంది, చిన్నపిల్లవాడైనా పట్టేస్తాడు. కల్తీ అనుమానం ఉంటే డెన్సిటీ (సాంద్రత) చూపించమనండి. జాడీలో డీజిల్ పోసి, హైడ్రోమీటరు, థర్మామీటరు ముంచి, వచ్చిన అంకెను 15 డిగ్రీల లెక్కకు మార్చి ట్యాంకర్‌తో వచ్చిన చలానాలోని డెన్సిటీతో పోల్చాలి, తేడా ఘనపు మీటరుకు 3 కిలోల లోపే ఉండాలి. బంకు వాళ్ళంతా హరిశ్చంద్రులని నేననడం లేదు. అడిగి చూశాక తిట్టండి అంటున్నా. మనం అడగం, వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటే ‘ఐదొందలది కొట్టు’ అని వచ్చేస్తాం. ఇట్లా ఐదొందలది, మూడొందలది కొట్టించుకునేవాడికి తన బండి మైలేజీ ఎంతో ఎప్పటికీ తెలియదు. ట్యాంకు ఫుల్ చేయించి, కిలోమీటర్లు రాసుకొని, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా కొట్టించాలి, రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. నాలుగైదు ట్యాంకులు ఇట్లా చూస్తే గానీ సరైన అంకె రాదు. తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందనే మాటను కూడా వదిలేయొచ్చు, బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, దాని వేడి పొద్దునా మధ్యాహ్నం పెద్దగా మారదు.

ఇక అసలు దొంగ సంగతికొస్తా, అది ఓవర్ లోడు. మా దగ్గర కిరాయి ట్రిప్పుకు మాట్లాడతారు, బరువుకు కాదు. ఎంత లోడు పడుతుందో ఓనర్‌కు తెలిసేది హమాలీలు ఎక్కించడం అయిపోయాకే. టన్నున్నర, టన్ను ఏడు వందల కిలోలకు పాసైన బండిలో రెండున్నర టన్నులు పడతాయి, ‘ఇంకో పది క్రేట్లు, ఏం కాదులే అన్నా’ అంటారు. మార్కెట్ వాళ్ళ తెలివి ఏందంటే, టన్ను లెక్కన చూస్తే ఓవర్ లోడు మీద రవాణా ఖర్చు తగ్గుతుంది. తగ్గిన లాభం సరుకు వాళ్ళకు, పెరిగిన డీజిల్ మనకు. నల్గొండ నుంచి పోను రాను రెండొందల కిలోమీటర్లనుకోండి, 12 వస్తే 17 లీటర్లు, 9 వస్తే 22 లీటర్లు. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక కూడా మన దగ్గర డీజిల్ లీటరు 95 దాటే ఉంది, అంటే ఒక్క ట్రిప్పులోనే అయిదు వందలు పోయాయి. అది డ్రైవర్ బత్తా. పైగా ఆ లోడు క్యాబిన్ కంటే ఎత్తుగా ఉండి, పైన కప్పిన తాడిపత్రి (టార్పాలిన్) గాలికి పటపటా కొట్టుకుంటూ, విజయవాడ హైవే మీద 80లో పోతుంటే చెప్పనే అక్కర్లేదు. 60లో పోయేటప్పటి కంటే 80లో గాలి అడ్డుకునే బలం దాదాపు 1.8 రెట్లు. పంతంగి టోల్ దగ్గర పది నిమిషాలు ముందు చేరినంత మాత్రాన బత్తాయి రేటు పెరగదు కదా.

రెండో దొంగ బ్రేకు. దీన్ని షెడ్లలో కూడా తొందరగా పట్టుకోరు. వీల్ సిలిండర్ తుప్పు పట్టి గానీ, హ్యాండ్ బ్రేకు కేబుల్ పూర్తిగా వెనక్కి రాక గానీ ఒక చక్రం లైనర్ డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటుంది. బండి నడుస్తుంది, ఎక్కడా ఆగదు, కాస్త బరువుగా లాగుతున్నట్టు ఉంటుంది, అంతే. చిట్యాల దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు బ్రేకు పెద్దగా కొట్టకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోకండి, కాలుతుంది. మూడు ఒక తీరుగా ఉండి నాలుగోది సెగలు కక్కుతుంటే మన డీజిల్ అక్కడే మండుతోందన్నట్టు. ఇంటికొచ్చాక జాకీ పెట్టి చక్రం చేత్తో తిప్పితే ఖాయంగా తెలిసిపోతుంది. దీనికయ్యే ఖర్చు ఇంజెక్టర్ నాజిల్స్ మార్చమని చెప్పే బిల్లులో పదో వంతు కూడా ఉండదు.

టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ సంగతి అందరికీ తెలిసిందే, చేసేవాళ్ళే తక్కువ. కనగల్, గుర్రంపోడు వైపు తోటల్లోకి మట్టి బాటల్లో తిరిగే బండి ఫిల్టరు, హైవే మీదే తిరిగే బండి ఫిల్టరు ఒకే గడువులో మార్చమంటే ఎట్లా? ఇంకో మాట, కంపెనీ ఇచ్చిన దానికన్నా పెద్ద సైజు టైర్లు వేయించుకున్న వాళ్ళ మీటరు తిరిగిన దూరం కంటే తక్కువ చూపిస్తుంది, అప్పుడు మైలేజీ పడిపోలేదు, లెక్క తప్పింది. హైవే మీద కిలోమీటర్ రాళ్ళతో ఒకసారి సరిచూసుకోండి.

శ్రీశైలం రోడ్డులో దోమలపెంట దాటాక ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి డీజిల్ మిగిలిస్తున్నామనుకునే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి సీఆర్‌డీఐ (డీజిల్ ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే) ఇంజిన్లలో గేరులో ఉంచి ఆక్సిలేటర్ మీద కాలు తీసేస్తే ఇంజెక్టర్లు డీజిల్ పోయడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్ ఆరిపోకుండా డీజిల్ తాగుతుంది. మిగిలేది ఏమీ లేదు, పైగా లోడు బండి ఇంజిన్ పట్టు లేకుండా బ్రేకుల మీదే దిగాలి. ప్రాణాలతో ఆట అది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండ్లతో కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. పొగలోని మసిని డీపీఎఫ్ ఫిల్టరు పట్టి ఉంచుతుంది, అది నిండితే బండి అదనంగా డీజిల్ పోసి మసిని కాల్చుకుంటుంది. ఊళ్ళోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఈ పని మధ్యలో ఆగిపోయి మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది, మైలేజీ పడిపోతుంది, ఒక్కోసారి డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి డిప్ స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించే సంగతి కాదిది. కాసేపు హైవే మీద ఒకే వేగంతో తోలితే చాలావరకు సర్దుకుంటుంది. అట్లా కాకుండా ఫిల్టర్ కోసి పారేసి, సాఫ్ట్‌వేర్ మార్చి ‘రెండు కిలోమీటర్లు ఎక్కువ గ్యారంటీ’ అని వేలకు వేలు తీసుకునే షెడ్లు తయారయ్యాయి. వారంటీ పోతుంది, పొల్యూషన్ కేసు మెడకు చుట్టుకుంటుంది. బ్రేకు పట్టేసిన బండికి సాఫ్ట్‌వేర్ మార్చి ఏం లాభం?

నారాయణపేట జిల్లాలోని మక్తల్, కృష్ణ మండలాల వాళ్ళు రేటు తక్కువని కర్ణాటకలోని రాయచూరు వెళ్ళి డీజిల్ పోయించుకొస్తారు. దగ్గరున్న వాళ్ళు చేస్తే తప్పు లేదు. మన రాష్ట్రంలో డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉన్నంతకాలం ఆ తేడా ఉంటుంది. నల్గొండ వాళ్ళకు ఆ వీలు లేదు, లోడు దగ్గరే డీజిల్ మిగిలించుకోవాలి.

అందుకే మార్కెట్ కమిటీలను నేను అడిగేది ఒక్కటే, పికప్ కిరాయి ట్రిప్పుకు కాకుండా కాంటా చీటీ చూసి క్వింటాలుకు ఇంత అని ఇప్పించండి. యార్డులో వేబ్రిడ్జి ఎట్లాగూ ఉంది. పదో క్రేటు ఎక్కినప్పుడు కిరాయి కూడా పెరిగితే, ఎక్కించేవాడే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. తూనికలు కొలతల శాఖ వాళ్ళు నెలకొకసారి ఏదో ఒక బంకు దగ్గర జనం ముందు 5 లీటర్ల పరీక్ష చేసి చూపిస్తే, పత్రికలో మీరు రోజూ వేసే డీజిల్ ధర పక్కనే ఆ ఫలితం కూడా వేయండి.

– పికప్ నడుపుకునే ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా