ప్యాలెట్లను వెనక్కి పంపే దారే లేదా?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కాలువ గట్టు మీద చెక్కలు తగలబడుతున్న ఫొటో వేసి, కింద ‘చెత్తకు నిప్పు’ అని రాశారు. ఎవరైనా స్పందిస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ నోరు మెదపలేదు కాబట్టి రాస్తున్నాను. అది చెత్త కాదండి, ప్యాలెట్లు. అంటే సరుకు నేలకు తగలకుండా కింద వేసే చెక్క పీటలు, దిమ్మల మీద చెక్కలు కొట్టి చేస్తారు. ఫొటోలో ముందు కనిపిస్తున్నదాన్ని భూతద్దం పెట్టి చూశాను. దిమ్మలు గట్టిగానే ఉన్నాయి, పైన ఒక్క చెక్క విరిగింది. కొత్త చెక్క ఒకటి, నాలుగు మేకులు, పావుగంట పని. అంతమాత్రానికి మొత్తం బుగ్గి చేశారు.

నేను 31 ఏళ్లు రొయ్యల మేత గోదాముల్లో గుమస్తాగా చేశాను. భీమవరం, ఆకివీడు వైపు వానాకాలం వచ్చిందంటే గోదాము గచ్చు చెమరుస్తుంది. బస్తా నేల మీదే పెడితే అడుగు వరస బూజు పట్టిపోతుంది. అందుకని ప్యాలెట్ వేసి, దాని మీద నెట్టు కడతాం. రైతు చెరువులో చల్లే మేత పొడిగా ఉందంటే సగం పుణ్యం ఆ చెక్కదే. అలాంటిదాన్ని సరుకు దిగగానే ‘ఇక దీంతో పనేముంది’ అని గోడవతలికి విసిరేస్తుంటే కడుపు రగిలిపోతుంది.

యూరప్‌లో 1961 నుంచి ఒకే కొలత ప్యాలెట్ చేతులు మారుతూ తిరుగుతోంది. పొడవు 1,200 మిల్లీమీటర్లు, వెడల్పు 800. 11 చెక్కలు, 9 దిమ్మలు, 78 మేకులు. బరువు పాతిక కిలోల దరిదాపు, మోసేది టన్నున్నర. సరుకుతో ఎన్ని ప్యాలెట్లు దించితే అన్ని ఖాళీవి అక్కడే లారీలో ఎక్కించుకుని పోతారు. విరిగితే విరిగిన చెక్క మార్చి మళ్లీ తిప్పుతారు. కొలత ఒక్కటే కాబట్టి ఎవరిది ఎవరికిచ్చినా పేచీ ఉండదు. మన దగ్గర ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఇక్కడిది అక్కడ పనికిరాదు. పైగా ఇప్పుడు పచ్చి జామాయిల్ చెక్కకే మేకులు దించేస్తున్నారు. ఆరేసరికి చెక్క కుంచించుకుపోయి మేకు వదులవుతుంది. మా రోజుల్లో వడ్రంగి చెక్క ఆరిందో లేదో వేలితో తట్టి చూసి గానీ సుత్తి పట్టేవాడు కాదు.

ఖాళీవి వెనక్కి పంపాలంటే కిరాయి ఎవరు పెట్టుకుంటారని అడుగుతారు. ఆ యూరప్ ప్యాలెట్లు 15 ఒకదాని మీద ఒకటి పేర్చితే ఏడడుగుల ఎత్తు, నాలుగు క్వింటాళ్ల లోపు బరువు. సరుకు దించిన లారీ చాలాసార్లు ఖాళీగానే కదా పోయేది! పాల వ్యాను కుర్రాడు తెల్లారకుండానే ఖాళీ ట్రేలు లెక్కపెట్టి పట్టుకుపోతాడు. ఖాళీ బండ ఇవ్వకపోతే గ్యాస్ అతను నిండు బండ దించడు. పెళ్లికి సప్లయి కొట్టులో తెచ్చిన గరిటె ఒకటి తగ్గినా డబ్బు కట్టాల్సిందే. ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. ప్యాలెట్‌కూ ఒక గుర్తు, ఒక చీటీ, ఖాళీది ఇస్తే తిరిగొచ్చే డిపాజిట్ పెడితే చాలు. ఎవరూ పారేయరు.

ఇంకో సంగతి భయంతో రాస్తున్నాను. విదేశీ సరుకుతో వచ్చే చెక్క ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. పక్కన ‘హెచ్‌టీ’ అక్షరాలుంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి ఎక్కించి 30 నిమిషాలు ఉంచారని అర్థం. పురుగు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పాకకుండా ఆ జాగ్రత్త. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఆ చెక్కను పొయ్యిలో పెట్టకూడదు. మొన్న మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర, పొయ్యిలోకి సగం తోసిన చెక్క మీద ఆ ముద్రే చూశాను. చెప్పగానే పాపం ఆవిడ బయటికి లాగేసింది. ఆవిడ తప్పేముంది? కట్టెల కింద అమ్మినవాడికైనా చెప్పిన నాథుడు లేడు.

దీని గురించి పంచాయతీకి వెళితే కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్లదన్నారు. అక్కడికి వెళితే చెత్త పంచాయతీదన్నారు. తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. నిరుడు ఇవే చెక్కలు కొట్టుకొచ్చి మా ఊరి తూముకు అడ్డంపడ్డాయి. శివారు చేలకు నీళ్లందక నాట్లు ఆగిపోతే రైతులే మొలలోతు నీళ్లలో దిగి లాగారు. అందులో ఒకాయన కాలికి మేకు దిగబడింది. అప్పుడూ ఏ అధికారీ రాలేదు. గోడల మీద పరిశుభ్రత నినాదాలు రాయించడానికి మాత్రం డబ్బులుంటాయి. పారేసినవాడెవడో లారీ చీటీ చూస్తే తెలిసిపోతుంది, కానీ చూసేదెవరు?

ఫొటోలో ఉన్నవన్నీ కాలిపోలేదండి. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. గట్టు దిగువన ఇంకా నలభై దాకా ఉన్నాయి. కాలువకు నీళ్లు వదిలేలోగా వాటిని అక్కడి నుంచి తీయించండి. ఒక ట్రాక్టరు, ఒక వడ్రంగి చాలు. ఏది బాగుచేయొచ్చో, ఏది పొయ్యిలోకి పోకూడదో నేనే దగ్గరుండి వేరు చేసి పెడతాను.

— ఒక విశ్రాంత గోదాము గుమస్తా,
పశ్చిమ గోదావరి జిల్లా