ఓపీ డ్యూటీకి మారిన పాపకు

చిత్తూరు

పాపకు అమ్మ ఆశీస్సులు.

వార్డు నుంచి ఓపీకి మార్చారని మొహం చిన్నబుచ్చుకున్నావట. బీపీ చూడ్డం, చీటీలు పిలవడం తప్ప అక్కడ నేర్చుకునేదేముందని నాన్నతో అన్నావట. వార్డులో ఏదైనా పొరపాటు జరిగితే తర్వాతి షిఫ్టులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఓపీలో పేషెంటు పది నిమిషాల్లో లేచి పలమనేరు బస్సెక్కేస్తాడు. నువ్వు చెప్పింది ఇంట్లో ఎట్లా చేస్తున్నాడో నీకు తెలిసే దారే ఉండదు. ఆ దారి వేసుకోవడమే ఓపీ నర్సు నేర్చుకోవాల్సిన పని.

ముందు బీపీ. పేషెంటును ఐదు నిమిషాలు మాట్లాడించకుండా కూర్చోబెట్టు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. స్టూలు మీద వీపు ఆనదు గనక ఇన్‌ఛార్జిని అడిగి కుర్చీ వేయించుకో. కఫ్, అంటే చేతికి చుట్టే పట్టీ, దాని లోపలి గాలితిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టుకోవాలి. లావు చేతికి మామూలు కఫ్ కడితే రీడింగు ఎక్కువ చూపిస్తుంది, లేని బీపీకి మాత్రలు మొదలవుతాయి. చెయ్యి కిందికి వేలాడినా అంతే. టీ తాగినా, బీడీ కాల్చినా, అలిపిరి మెట్లెక్కి నేరుగా వచ్చినా అరగంట ఆగాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయి. పేజీ పొడుగునా 130/80 ఉన్న రిజిస్టరు చూస్తే ఆ రోజు ఎవరికీ సరిగ్గా బీపీ చూడలేదనే నాకు అనిపిస్తుంది.

అసలు కష్టం ఇన్సులిన్ దగ్గర. సీసాలు రెండు రకాలు: మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 సీసాలోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. తిరుపతిలో రాయించుకున్న మందును పుత్తూరులోనో నగరిలోనో కొంటారు. షాపులో ఏ సిరంజి ఉంటే అదే చేతిలో పెడతారు. తెల్లవారుజామున షుగరు తగ్గి, చెమటలు పట్టి పడిపోతే రాత్రి సరిగ్గా తినలేదంటారే గానీ సిరంజిని ఎవరూ అనుమానించరు. అందుకే వచ్చేటప్పుడు సీసా, సిరంజి రెండూ తెమ్మను. రెంటి మీదా ఉన్న అంకె ఒకటేనా అని పేషెంటు చేతే చూపించు. చదువు రానివాళ్లకు మూత రంగు నేర్పు.

అర్థమయిందా అని మాత్రం అడగొద్దు. మనవాళ్లు మర్యాదకైనా అయిందనే అంటారు. "పెద్దమ్మా, ఇంటికి పోయినాక మీ కోడలికి ఎట్లా చూపిస్తావో నాకు చూపించు" అను. అప్పుడు బయటపడతాయి అన్నీ. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించకుండా గిలక్కొడతారు. రోజూ ఒకే చోట పొడిచి గడ్డలు కట్టించుకుంటారు. ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్లు పది లెక్కపెట్టకుండానే సూది లాగేస్తారు. తడబడిన ముక్క మట్టుకు మళ్లీ చెప్పి, మళ్లీ చేయించు. వాడుతున్న సీసా నాలుగు వారాలే. ఫ్రిజ్ లేని ఇంట్లో, మన ఎండలకు, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీళ్లు తగలకుండా కవరులో చుట్టి పెట్టమను. షుగరు 70 కంటే తగ్గి, మనిషి తెలివిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇది ఇంట్లో ఉండే ఇంకొకరికి కూడా నేర్పాలి.

ఫోన్లు కూడా వస్తాయి. కొడుకు బెంగళూరు నుంచి మాట్లాడుతుంటే పేషెంటు పక్కన ఉన్నవాళ్ల చేత ఫోను చేయించమను. మూతి వంకర, ఒకవైపు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం ఉంటే అది పక్షవాతం కావచ్చు, రేపు ఓపీకి రమ్మనకు, వెంటనే 108కి చేయమను. "చివరిసారి ఎన్ని గంటలకు బాగున్నాడు?" అని అడిగి రాసిపెట్టు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలు లెక్కేసేది అక్కణ్నుంచే, మనకు ఫోనొచ్చిన టైము నుంచి కాదు.

ఇంజెక్షను గదిలో అడ్రినలిన్ ఎక్స్‌పైరీ డ్యూటీ ఎక్కగానే చూడు. ఒంటికి పడక ఊపిరాడకపోతే పెద్దవాళ్లకు 1:1000ది అర మిల్లీలీటరు, తొడ బయటివైపు కండలోకి. ఆ ట్రే బీరువాలో పెట్టి తాళం వేయొద్దు.

ఇక సర్టిఫికెట్లు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కన ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్‌కు 150 గంటల సీఎన్‌ఈ, అంటే ఉద్యోగంలో ఉంటూ చేసే నర్సింగు చదువు, కావాలి. ఏటా 30 గంటలు చేసుకుంటూ పో, ఆఖరి ఏడాదికి వదిలేస్తే భోజనం బాగుండే సెమినార్లన్నిటికీ తిరగాల్సి వస్తుంది. అమెరికాలో ఓపీ నర్సింగుకు విడిగా సర్టిఫికేషన్ ఉంది, అక్కడి నర్సులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఏఎన్‌సీసీ ఇస్తుంది. దానికి నర్సుగా రెండేళ్ల పని, గత మూడేళ్లలో ఓపీలో 2,000 గంటలు, 30 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చూపించాలి. పోయినా పోకపోయినా ఓపీ గంటలు ఇప్పటి నుంచే రాసిపెట్టుకో.

వీటన్నిటికంటే ముందు ఒక నోటుబుక్కు పెట్టు. వారానికి కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన ఐదుగురిని ఎంచుకుని, మూడో రోజున ఇన్‌ఛార్జి అనుమతితో ఫోను చెయ్యి. సిరంజి మూత ఏ రంగు, నిన్న ఎక్కడ పొడుచుకున్నారు, సీసా ఎక్కడ పెట్టారు? ఈ మూడే అడుగు. పేర్లు రాయకు, జవాబులు రాయి. నెలాఖరుకు ముగ్గురు నలుగురు ఒకేచోట తప్పుతున్నారంటే చెప్పే పద్ధతి అక్కడ మార్చు.

స్టోరుకు పంపే ఈ నెల ఇండెంటులో పెద్ద సైజు కఫ్ రాయించడం మరిచిపోకు.

అమ్మ