ఉత్తర కొరియా వికలాంగుల కోసం మన దేశం అడగవలసినది

సంపాదకుల వారికి, నమస్కారం.

ఉత్తర కొరియాలో మానవ హక్కుల పరిస్థితిని పరిశీలించేందుకు ఐక్యరాజ్యసమితి 2004లో ప్రత్యేక ప్రతినిధిని నియమించింది. ఆ పదవిలో ఉన్న ఎవరినీ ఆ దేశం నేటికీ గడప దాటనివ్వలేదు. అలాంటిది 2017 మేలో వికలాంగుల హక్కుల ప్రత్యేక ప్రతినిధి కాటలీనా దేవందాస్‌ను మాత్రం తానే ఆహ్వానించి, ఆరు రోజులు ఉండనిచ్చింది. కోస్టారికాకు చెందిన ఈ న్యాయవాది స్వయంగా వికలాంగురాలు.

అంతకు ముందే, 2012 లండన్ పారాలింపిక్స్‌కు ఆ దేశం ఒకే ఒక్క ఈతగాడిని పంపింది; 2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. ఆ దేశంలోని మానవ హక్కుల ఉల్లంఘనలపై 2014లో ఐరాస విచారణ సంఘం ఇచ్చిన నివేదికతో పోయిన పరువును కాస్త నిలబెట్టుకోవడానికే ఆ ఒడంబడిక, ఆ ఆహ్వానం అన్న అనుమానం నాకూ ఉంది. అయినా, సంతకం పెట్టినవారిని ఆ సంతకం చూపించే నిలదీయాలి కదా!

మన దేశంలోనూ వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది అదే డిసెంబరులో. ఆ తర్వాత సదరం ధ్రువపత్రం కోసం వెళ్తే, శిబిరం మేడ మీద పెట్టారు. రెండు చంక కర్రలనూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోడను తడుముకుంటూ మెట్లెక్కాను. ఆ మెట్ల సంగతి నేను మీ పత్రికకు రాసుకోగలుగుతున్నాను. ఉత్తర కొరియా నగరం హమ్‌హుంగ్‌లో చంక కర్రలతో నడిచే మనిషి ఎవరికి రాసుకుంటాడు? అతని తరఫున అడగగలిగేది బయటి నుంచి వెళ్లే రాయబారులే.

కరోనా కాలంలో మూతపడిన ప్యాంగ్యాంగ్‌లోని మన రాయబార కార్యాలయం మళ్లీ తెరుచుకున్నందున ఈ మాట రాస్తున్నాను. మన విదేశాంగ శాఖ 2018 నుంచి పలు దేశాల్లో జైపూర్ కాలు శిబిరాలు నడిపించింది. లోహపు విడిభాగాలకు భద్రతామండలి ఆంక్షల కమిటీ మినహాయింపు సంపాదించి, ఉత్తర కొరియాలోనూ అలాంటి శిబిరం పెట్టడానికి ముందుకు రావాలి. అయితే దానిని రాజధానిలో కాక జిల్లాల్లో పెట్టాలని, కాలు అమర్చినవారిని ఏడాది తర్వాత మన వైద్యులు మళ్లీ చూడనివ్వాలని ముందే షరతు పెట్టాలి. ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో జెనీవాలోని ఐరాస మానవ హక్కుల మండలిలో అందరి ముందూ అడగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి