కార్యాలయాల్లోనూ కర్బన పద్దు రాయాలి

సంపాదకులు గారికి,

2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (భూమిని వేడెక్కించే వాయువులను వదిలినంత మేర తిరిగి తొలగించడం) సాధిస్తామని మన దేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. వరి మడిలో నిలిచిన నీటి వల్ల వెలువడే మీథేన్ వాయువు గురించి రైతుకు బోధించే అధికారులు ఈ ఉద్గారాల్లో తమ కార్యాలయం వాటా ఎంతో చెప్పగలరా అన్నది నా సందేహం. ఇటీవల పనిమీద ఒక కార్యాలయానికి వెళ్లగా, ఎవరూ లేని గదిలో ఏసీ నడుస్తూ ఉంది.

కార్యాలయం ఏడాదిలో వదిలే ఇలాంటి వాయువుల లెక్క, అంటే కర్బన పద్దు, కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోలు, గ్రిడ్ నుంచి వాడిన యూనిట్ విద్యుత్తుకు దాదాపు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కరెంటు బిల్లులు, వాహనాల లాగ్‌బుక్కులు, జనరేటరు డీజిల్ రసీదులు ఎలాగూ ఫైళ్లలో ఉంటాయి కనుక గుమస్తా ఒక పూట కూర్చుంటే ఏడాది పద్దు తేలుతుంది.

డెల్టాలో మాత్రం అసలు విషయం నీటిది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టాలో జలవనరుల శాఖ చేతిలో ఉంది. మడిని మధ్యమధ్య ఆరబెడితే మీథేన్ తగ్గుతుందని తెలిసినా, మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క పేరుకుని నీరు దిగని చోట రైతు ఏం చేయగలడు? వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడెక్కించే వాయువు మీథేన్ కాబట్టి, పూడికతీతలో జాప్యాన్ని కూడా ఆ శాఖ పద్దులోనే రాయాలని, జిల్లా కలెక్టర్లు ఏటా ఆ పద్దులను నోటీసు బోర్డులో పెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వరి రైతు, అమలాపురం