ప్రతి రంగురాయీ కోట్లు చేయదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో మా నర్సీపట్నం వైపు వార్తలు బాగానే వస్తున్నాయి, సంతోషం. కానీ రంగురాళ్ళ వార్త ఎప్పుడొచ్చినా హెడ్డింగ్‌లో "కోట్ల విలువైన" అనే ముక్క లేకుండా ఒక్కసారైనా వేశారా అని అడుగుదామని ఈ లెటర్. ఫారెస్టు వాళ్ళో పోలీసులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళని పట్టుకుంటారు, టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో పిడికెడు రాళ్ళు, వెనకాల ఆఫీసర్లు నిలబడి ఫోటో, కింద కోట్లు. ఆ రాళ్ళు ఏం రాళ్ళు, ఎన్ని గ్రాములున్నాయి, వాటి విలువ ఎవరు చూసి చెప్పారు, ఏమీ ఉండదు. ఒక్కోసారి మీ ఫోటో జూమ్ చేసి చూస్తే అందులో సగం మామూలు పలుగురాయి ముక్కల్లాగే కనపడతాయి నాకైతే.

నేను ఆ వైపు వాడినే, ఇప్పుడు వైజాగ్‌లో ఉంటున్నా. కాలేజీలో జియాలజీ చదివి బతుకుతెరువుకి వేరే ఉద్యోగం చేశా, ఇంట్లో చిన్న ఫేసెటింగ్ మెషిన్ పెట్టుకుని రాళ్ళు సానపడుతుంటా, అమ్మకానికి కాదు, అదో పిచ్చి. మా ఆవిడ భాషలో చెప్పాలంటే డబ్బులు పోసి దుమ్ము కొనుక్కోవడం. జ్యోతిషం ఉంగరాల గురించి రాయడానికి కాదు ఈ లెటర్, అది నమ్మేవాళ్ళ ఇష్టం. ఇంకో లోకం ఉంది, రాయిని రాయి కోసమే కొనుక్కుని, పలకలు తీయించి, డబ్బాలో పెట్టుకుని లెన్స్ పెట్టి చూసుకునే కలెక్టర్ల లోకం. కోట్లు అనే మాట ఎక్కువగా అక్కడి కబుర్ల నుంచే మన ఊళ్ళకి పాకింది, అదీ సగం సగం వినిపించి.

ఆ లోకంలో మొదట తెలుసుకోవాల్సింది ఏంటంటే అరుదైన రాయి వేరు ఖరీదైన రాయి వేరు. స్ఫాలరైట్ అని ఉంటుంది, జింక్ తీసే ఖనిజమే, దాంట్లో శుభ్రంగా ఉన్న ముక్క దొరికి సరిగ్గా కట్ చేస్తే వజ్రం కంటే మూడు రెట్లు ఎక్కువగా రంగులు చిమ్ముతుంది. చూస్తే మతి పోద్ది. కానీ చాకు మొన తగిలితే గీత పడుద్ది, కటింగ్‌లో కొంచెం వేడెక్కినా పొరలుగా విడిపోద్ది, దాన్ని ఉంగరంలో ఎవడు పెట్టుకుంటాడు? అందుకని ఎంత అందంగా ఉన్నా కొనేది ఆ కొద్దిమంది కలెక్టర్లే. కోర్నెరుపైన్, సిన్హలైట్ లాంటివి కూడా అంతే, మంచి కట్ రాళ్ళు దొరకడం వజ్రాల కంటే చాలా కష్టం, అయినా వజ్రం రేటు రాదు, ఎందుకంటే అడిగేవాడు తక్కువ. సిన్హలైట్ సంగతైతే ఇంకా తమాషా, శ్రీలంకలో ఏళ్ళ తరబడి దాన్ని పెరిడాట్ అనే ఇంకో రత్నంలో గోధుమరంగు రకం అనుకుని అమ్మారు కొన్నారు, 1952లో గానీ అది వేరే ఖనిజం అని తేలలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది కలెక్టర్లందరికీ ఇష్టమైన కథ. 1945లో డబ్లిన్‌లో రిచర్డ్ టాఫ్ అనే ఆయన ఒక నగల షాపులో పాత కట్ రాళ్ళు కొన్ని కొనుక్కున్నాడు. అందులో లేత ఊదా రంగుది ఒకటి, దాదాపు 1.4 క్యారెట్లు, అందరూ స్పినెల్ అనే మామూలు రత్నం అనుకున్నదే. ఈయన పైనుంచి చూస్తుంటే అడుగు పలకల అంచులు ఒక్కొక్కటి రెండేసి గీతలుగా కనపడ్డాయి. స్పినెల్‌లో అలా కనపడకూడదు. లండన్ పంపించి టెస్టులు చేయిస్తే కొత్త ఖనిజం, 1951లో ఆయన పేరే పెట్టారు, టాఫైట్. భూమిలోంచి కాకుండా సానపట్టిన రాయి నుంచి మొదటగా బయటపడ్డ ఖనిజం అది. అంటే చూడండి, అంత అరుదైన రాయి షాపులో మామూలు రాయి రేటుకి పడుంది. విలువ రాయిలో ఎంత ఉందో, అదేంటో కనిపెట్టి చెప్పే మనిషిలో అంతకంటే ఎక్కువ ఉంది. మీ వార్తల్లో లేనిది సరిగ్గా ఆ మనిషే.

సరే మన రాళ్ళ దగ్గరకి వద్దాం. మా వైపు కొండల్లో క్రైసోబెరిల్ అనే ఖనిజం దొరుకుద్ది అనేది నిజం, దాంట్లోనే రకాలైన పిల్లికన్ను దొరుకుద్ది, అలెగ్జాండ్రైట్ కూడా దొరుకుద్ది, 1990లలోనే బయటి మార్కెట్లో ఆంధ్రా అలెగ్జాండ్రైట్ అని పేరొచ్చింది. అబద్ధమేం కాదు. గొలుగొండ మండలం కరక పేరు రంగురాళ్ళ వార్తలు చదివే ప్రతివాళ్ళకీ తెలుసు. బెరీలియం, క్రోమియం అనేవి మామూలుగా ఒకే రాతిలో కలిసి ఉండవు, ఎక్కడో అరుదుగా కలిస్తేనే అలెగ్జాండ్రైట్ పుడుతుంది, పగటి వెలుగులో పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా. మొదట 1830లలో రష్యాలో ఉరల్ కొండల్లో దొరికింది, అప్పటి యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారు. తర్వాత శ్రీలంక, 1987లో బ్రెజిల్లో హెమటీటా అనే చోట. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో హెమటీటా రాయి ఒకటుంది, 17.08 క్యారెట్లు, అదొక్కటి చూడ్డానికి జనం వెళ్తారు.

అదిగో అలాంటి రాయి గురించి ఎవడో చెప్తాడు, ఆ రేటుని మా కుర్రాళ్ళు జేబులో ఉన్న ముక్కకి హెచ్చవేసుకుంటారు. అసలు లెక్క వేరే. తవ్వితే వచ్చేది రఫ్, అంటే ఇంకా సానపట్టని రాయి. గ్రాముకి ఐదు క్యారెట్లు, కాబట్టి పది గ్రాముల ముక్క అంటే యాభై క్యారెట్లు అని నోరూరుద్ది. దాన్ని తడిపి లైటుకి పెట్టి చూస్తే లోపల పగుళ్ళు, మబ్బు, నల్ల చుక్కలు. అవన్నీ కోసేసుకుంటూ పోతే చాలా ముక్కల్లో కట్ చేయడానికి ఏమీ మిగలదు. నిజంగా శుభ్రంగా ఉన్న ముక్కలో కూడా సగానికి పైగా కటింగ్‌లోనే పోద్ది. అలెగ్జాండ్రైట్‌లో ఇంకో చిక్కుంది, ఒక వైపు నుంచి చూస్తే పచ్చ, ఇంకో వైపు నుంచి పసుపు నారింజ, మూడో వైపు ఎరుపు, కాబట్టి పై పలక ఏ వైపుకి రావాలో ముందే తిప్పి తిప్పి చూసుకుని, కోసేటప్పుడు రాయిని పట్టి ఉంచే డాప్ కర్రకి అంటించాలి. బరువు మిగుల్తుంది కదాని అడ్డదిడ్డంగా పెట్టి కోస్తే రాయి పెద్దదే వస్తుంది, రంగు మాత్రం సరిగ్గా మారదు. అప్పుడది కలెక్టర్‌కి పనికిరాదు.

కటింగ్ సంగతి మీకు మీ పేపర్ మీదే చూపిస్తా. ఇంట్లో ఉంగరంలోంచి తీసిన, పలకలు కోసిన రంగురాయి ఏదైనా ఉంటే, తిరగెయ్యకుండా అక్షరాల మీద పెట్టి పైనుంచి చూడండి. కింద అక్షరాలు చదవగలిగితే ఆ రాయి అడుగు పలకలు మరీ చదునుగా కోశారని, మీద పడ్డ వెలుగు వెనక్కి రాకుండా కిందనుంచి కారిపోతోందని అర్థం. మనవాళ్ళు దాన్ని కిటికీ అంటారు. మన మార్కెట్లో ఎక్కువ రాళ్ళు ఇలాగే ఉంటాయి, బరువు కోసం పొట్ట లావుగా ఉంచి, పలకలు ఎక్కడ ఎలా వస్తే అలా. విదేశీ కలెక్టర్ అలాంటిది కొంటే మళ్ళీ కోయించుకోవడానికే కొంటాడు, రేటు కూడా అలాగే కడతాడు.

ఇక రంగు మారడం. మా వైపు బ్రోకర్లు ఫోన్ టార్చి వేసి చూపిస్తుంటారు, ఎర్రగా మారకపోతే నకిలీ అంటారు, మారితే ఒరిజినల్ అంటారు. రెండూ తప్పే. ఫోన్ లైటు తెల్లటి ఎల్ఈడీ, దాని కింద నిఖార్సైన అలెగ్జాండ్రైట్ కూడా సరిగ్గా ఎర్రబడదు, పాత ఫిలమెంట్ బల్బు ఉండాలి, లేకపోతే కొవ్వొత్తి. ఆ బల్బులు ఇప్పుడు ఇళ్ళల్లో ఎక్కడున్నాయి, నేను దేవుడి గదిలో ఒకటి దాచుకున్నా ఈ పని కోసమే. ఇంకో పక్క రంగు మారే నకిలీ రాళ్ళు వందేళ్ళ నుంచీ ఉన్నాయి, వనేడియం కలిపి ఫ్యాక్టరీలో చేసిన కోరండం (కెంపు, నీలం రాళ్ళ ఖనిజమే), దాని రంగు నీలం నుంచి ఊదాకి మారుతుంది, టూరిస్టు ఊళ్ళల్లో అలెగ్జాండ్రైట్ అని అంటగట్టేది ఎక్కువ అదే. ఈ తేడా కంటితో తేల్చలేం, వక్రీభవనం చూడాలి, బరువు సాంద్రత చూడాలి, మైక్రోస్కోప్ కింద లోపలి మచ్చలు చూడాలి. పోలీస్ స్టేషన్లో ఎస్ఐ గారో రేంజర్ గారో ఇవన్నీ చేసి కోట్లు అని చెప్తున్నారంటే నేను నమ్మను, వాళ్ళని అడిగితే వాళ్ళూ నమ్మరు.

కలెక్టర్లు ఇంకొకటి కూడా అడుగుతారు, ఏ ఊరి రాయి అని. ఇక్కడే మనకి పెద్ద నష్టం. దొంగతనంగా తవ్విన రాయికి ఊరు ఉండదు, చెప్తే కేసు. చేతులు మారి జైపూర్ చేరేసరికి అది ఎక్కడిదైనా కావచ్చు, అమ్మేవాడికి ఏ పేరు లాభమైతే ఆ పేరు. ఊరు తెలిస్తే ఎంత తెలుస్తుందో ఒక ఉదాహరణ. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్‌లు, పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత గార్నెట్ పూసలు, రెండూ ఒకే చోటివని లోపలి మచ్చలు, రసాయన లెక్కలు పోల్చి 2017లో పరిశోధకులు చూపించారు. అంటే రెండు వేల ఏళ్ళ నాటి వ్యాపారం రూటు ఒక ఎర్ర పూసలోంచి బయటకి లాగారు. పాడేరు చుట్టుపక్కల సఫిరిన్ అనే ఖనిజం ఉందని జియాలజీ చదివినవాళ్ళకి ఎప్పట్నించో తెలుసు, కట్ చేయగలిగే సఫిరిన్ కోసం కలెక్టర్లు పడిచస్తారు, మనదాంట్లో అంత శుభ్రమైన ముక్క ఉందా లేదా వెతికే ఓపిక మన డిపార్ట్‌మెంటుల్లో ఎవరికుంది చెప్పండి.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, ఆ "కోట్లు" చదివేది ఎవరు? హైదరాబాద్‌లో కాఫీ తాగుతూ చదివేవాడికి అదో కాలక్షేపం. కొండ కింద ఊళ్ళో పనిలేక కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రాడికి అదే అడ్రసు. వానలు పడ్డాక మట్టి మెత్తబడుద్ది తవ్వడం తేలిక అని రాత్రిపూట వెళ్తారు, కొండకి అడ్డంగా ఎలక బొరియల్లా సొరంగాలు, కర్ర ఊతం కూడా పెట్టరు, మెత్తబడ్డ మట్టి నెత్తిన పడుద్ది. అలా పోయినవాళ్ళ వార్త కూడా మీరే వేస్తారు, లోపలి పేజీలో, చిన్నగా. వాడు తెచ్చిన రాయికి బ్రోకర్ ఇచ్చేది ఎంతో మీ విలేకరి కనుక్కుని వేస్తే బాగుంటుంది, ఎందుకంటే ఆ కుర్రాడికి రఫ్ చూడ్డం రాదు, అమ్మడానికి ఇంకో చోటు లేదు, ఇచ్చింది పుచ్చుకోవాలి.

తవ్వకాల వార్తలు ఆపమనడం లేదు, వేయండి. విలువ మాత్రం ల్యాబ్ రిపోర్ట్ వస్తేనే వేయండి, రాకపోతే "రాళ్ళు పట్టుకున్నారు, పరీక్షకి పంపారు" అని వేయండి చాలు, బరువు ఎంతో వేయండి. జైపూర్లో జెమ్ టెస్టింగ్ ల్యాబ్ ఉంది, ముంబైలో ఉన్నాయి, రాయి ఏంటో చెప్పడం వాళ్ళకి పెద్ద పని కాదు. అంత దూరం ఎందుకంటే ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్ మన ఊళ్ళోనే ఉంది, పలుగురాయి ఏదో క్రైసోబెరిల్ ఏదో అక్కడ పిల్లలే తేల్చేస్తారు.

ఇంకొక్క రిక్వెస్ట్. ఇన్నేళ్ళలో పట్టుకున్న రాళ్ళన్నీ ఏమయ్యాయి? కోర్టులో ఉన్నాయా, ట్రెజరీలో ఉన్నాయా, వేలం వేశారా, వేస్తే ఎంతొచ్చింది? మీ విలేకరితో ఆ ఫాలోఅప్ ఒకటి రాయించండి, సమాచార హక్కు చట్టం కింద అడిగినా సరే. అందులో నిజంగా మంచి రఫ్ రెండు ముక్కలు ఉంటే పద్ధతిగా కట్ చేయించి, పక్కన ఏ కొండ రాయో రాసి, విశాఖ మ్యూజియంలో పెట్టమని ప్రభుత్వానికి మీరే ఎడిటోరియల్ రాయొచ్చు. కటింగ్‌కి మనిషి కావాలంటే డబ్బు అడగని వాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, నేనూ ఒకణ్ణి, కాకపోతే అలెగ్జాండ్రైట్ మీద మొదటి పలక తీసేటప్పుడు చేతులు వణుకుతాయని ముందే చెప్తున్నా.

పేరు వేయొద్దని మనవి, మా ఊరి బ్రోకర్లతో నాకు రోజూ మాటలుంటాయి.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
విశాఖపట్నం