జైలులో మానసిక రోగులు లేరని రాసే ముందు: జైళ్ల శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో జైళ్ల శాఖను నిర్వహిస్తున్న గౌరవనీయ మంత్రివర్యులకు నమస్కారాలతో,

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 103వ సెక్షన్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రాన్ని ప్రభుత్వం నెలకొల్పాలని ఆ సెక్షన్ చెబుతోంది. తన జైలులో మానసిక రోగులైన ఖైదీలెవరూ లేరని జైలు వైద్యాధికారి మూడు నెలలకొకసారి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ధ్రువీకరించాలని కూడా అదే సెక్షన్ అంటోంది. రోగులను పంపడానికి సరైన వార్డు లేనిచోట ఈ ధ్రువపత్రం అడిగితే, ఆ వైద్యాధికారికి మిగిలే సులువైన దారి రోగిని రోగిగా గుర్తించకపోవడమే.

నేను న్యాయ సహాయం కింద రిమాండ్ ఖైదీల కేసులు చూసే న్యాయవాదిని. ఒకసారి ములాఖత్‌లో నా కక్షిదారు చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో ఆరు మాత్రలున్నాయి. "ఇవి వేసుకుంటే పొద్దున ఖైదీలను లెక్కపెట్టే వేళకు లేవలేకపోతున్నాను సార్" అన్నాడు. ఆయన ఫైలులో మాత్రం "చికిత్సకు సహకరించడం లేదు" అని రాసి ఉంది. చీకటి పడకముందే భోజనం పెట్టి బ్యారక్‌కు తాళం వేసేచోట, పడుకోబోయే ముందు వేసుకోవలసిన మాత్ర సాయంత్రమే చేతికొస్తుంది. దాన్ని మింగాడా, పక్కవాడికి ఇచ్చాడా, ఒకేసారి మింగడానికి దాచుకుంటున్నాడా అని చూసే నర్సు ఆ వేళప్పుడు అక్కడ ఉండదు.

వారానికో పదిహేను రోజులకో డాక్టరు వచ్చి చీటీ రాసి వెళితే దాన్ని తీవ్ర మానసిక రోగానికి చికిత్స అనలేము. లిథియం అనే మానసిక రోగపు మందు వాడే మనిషికి రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు పరీక్షించాలి. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే అదే మందు విషమవుతుంది. క్లోజపిన్ అనే మరో మందు మొదలుపెడితే తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయేమోనని క్రమం తప్పకుండా లెక్క చూడాలి. ఎస్కార్ట్ పోలీసులు దొరికిన రోజునే ఆసుపత్రికి వెళ్లే ఖైదీకి ఇవి ఎలా సాగుతాయో మీరే ఆలోచించండి. అరిచి, తల బాదుకునే ఖైదీ ఆలస్యంగానైనా ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఉన్న మానసిక ఆసుపత్రికి చేరతాడు. గోడవైపు తిరిగి పడుకుని, అన్నం ముట్టని వాడిని ఎవరూ పట్టించుకోరు, పైగా నెమ్మదస్తుడని పేరు కూడా వస్తుంది.

గొడవ చేసేవాడిని సింగిల్ సెల్‌లో వేయడం తేలికే, కానీ మానసిక రోగిని ఏకాంతంగా నిర్బంధించకూడదని ఇదే చట్టంలోని 97వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే, ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలూ, ఏకాంతం వల్ల రోగం ముదిరే ఖైదీకి ఆ శిక్ష వేయకూడదనే చెబుతున్నాయి.

విచారణను అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్న నిందితుడి కేసు వాయిదా పడుతుంది. చికిత్స సాగకపోతే కేసూ సాగదు. 1951లో అరెస్టయిన ఒక మనిషి, విచారణే జరగకుండా, 2005లో విడుదలైన ఉదంతం అస్సాంలో ఉంది. అంత దూరం పోకపోయినా, నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం రిమాండులో గడిపే ప్రమాదం ఇలాంటి వారికే ఎక్కువ.

కాబట్టి నేను కోరేది భవనం కాదు. ఉన్న జైలు ఆసుపత్రిలోనే కొన్ని పడకలు కేటాయించి, మూడు షిఫ్టుల్లోనూ శిక్షణ పొందిన నర్సులను, రోజూ వచ్చే సైకియాట్రిస్టును నియమించి, ఆ వార్డును రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు చేయించండి. మాత్రలు పంచే పనిని తోటి ఖైదీలకు అప్పగించవద్దని ఆదేశించండి. మందు మత్తులో ఉన్నవారికి ఉదయపు లెక్కను వారి పడక దగ్గరే తీసుకోమనండి. ఈ చివరి మార్పుకు పైసా ఖర్చు లేదు.

నా కక్షిదారుకు తర్వాత బెయిలు వచ్చింది. గేటు దగ్గర ఆయన వాచీ, పర్సు, ఫోను లెక్కచూసి ఇచ్చి సంతకం తీసుకున్నారు. మందులూ ఇవ్వలేదు, ఏ మందులు వాడాడో తెలిపే చీటీ కూడా ఇవ్వలేదు. విడుదలయ్యే ప్రతి మానసిక రోగికీ నెలకు సరిపడా మందులు, జిల్లా ఆసుపత్రికి ఒక లేఖ ఇచ్చేలా ఉత్తర్వు జారీ చేయండి. అలాగే, గత నాలుగు త్రైమాసికాల్లో మీ జైళ్ల నుంచి సమీక్షా మండళ్లకు వెళ్లిన నివేదికలను, పేర్లు తొలగించి, ప్రజల ముందు ఉంచవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక న్యాయవాది