హీలీ గురించి రాసేముందు

చిట్టితల్లీ,

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం మీద నువ్వు రాయబోయే వ్యాసంలో ఫాదర్ ప్యాట్రిక్ హీలీని "తొలి నల్లజాతి అధ్యక్షుడు" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకమ్మా. అది తర్వాతి తరాలు ఇచ్చిన బిరుదు. 1874లో ఆయన ఆ పీఠమెక్కినప్పుడు బయటివాళ్ళు ఐరిష్ మనిషనే అనుకున్నారు. ఆయన పుట్టుక సంగతి ఆయన చేరిన కతోలిక గురువుల సంఘం యేసు సభ పెద్దలకు తెలుసు.

ముందు ఆయన పుట్టిన దక్షిణాది రాష్ట్రం జార్జియా చట్టం చెప్పు, అది లేకపోతే తక్కినదేదీ బోధపడదు. 1834లో మేకన్ దగ్గర తోటలో పుట్టాడు. తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన భూస్వామి, తల్లి మేరీ ఎలైజా ఆ ఇంటి బానిస. ఆ రాష్ట్రంలో వాళ్ళ పెళ్ళి చెల్లదు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, అంటే కన్నకొడుకు తండ్రి ఆస్తి లెక్కలోకి వస్తాడు. విడిపించాలంటే శాసనసభ ఒప్పుకోవాలి. అందుకే తండ్రి పిల్లల్ని ఉత్తరాదికి, మొదట క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ బడికి, తర్వాత మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీకి పంపాడు. 1850లో అక్కడ పట్టా పుచ్చుకుని ప్యాట్రిక్ యేసు సభలో చేరాడు, మన విజయవాడ లయోలా కాలేజీ నడిపే సభే. 1864లో గురుపట్టాభిషేకం, 1865లో బెల్జియంలోని లూవెన్‌లో డాక్టరేట్.

1838ని మాత్రం వదలకు. మేరీల్యాండ్ యేసు సభ ఆ ఏడు 272 మంది బానిసల్ని లూసియానా తోటలకు అమ్మింది. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ అప్పుకు జమైంది. అప్పటికి హీలీ నాలుగేళ్ళవాడు, చట్టం దృష్టిలో తనూ బానిసే. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆయన చేసిన పనిని చాలామంది దాటేస్తారు. లాటిన్, గ్రీకుల చుట్టూ తిరిగే చదువులో భౌతిక, రసాయన శాస్త్రాలకు పెద్దపీట వేశాడు. 1877లో, ఇప్పుడు హీలీ హాల్ అంటున్న పెద్ద రాతి భవనం మొదలుపెట్టాడు. పాత భవనాలు పొటోమాక్ నది వైపు చూస్తుంటే దీని ముఖద్వారం వాషింగ్టన్ నగరం వైపు. ఆ తిప్పడంలోనే ఆయన ఉద్దేశమంతా ఉందని నా నమ్మకం. 1879కి గోడలు లేచాయిగాని డబ్బు చాలలేదు. చందాలకు కాలిఫోర్నియా దాకా వెళ్ళాడు. ఆరోగ్యం చెడి 1882లో దిగిపోయేనాటికి అప్పు మిగిలే ఉంది, లోపలి సభామందిరం గాస్టన్ హాల్ ఇంకా ఎన్నో ఏళ్ళకుగాని పూర్తికాలేదు.

ఆయన హయాంలో ఆ కాలేజీలో నల్లజాతి విద్యార్థులకు చోటు లేదు. అదీ రాయి, దాచకు.

ఇంకోటి, అన్నదమ్ముల్ని కలగాపులగం చెయ్యకు. 1875లో పోర్ట్‌లండ్ బిషప్పైనవాడు అన్న జేమ్స్. అలాస్కా సముద్రాల్లో ఓడ నడిపిన కెప్టెన్ తమ్ముడు మైకేల్.

నాన్న